లేఖరి గారి ఎడమ వింగు

మొన్న జగ్గయ్యపేట నుంచి పెద్దకర్మ కార్డు వచ్చింది. పైన ఫోటో, కింద పేరు, పేరు కింద 'క్రీడాపోషకులు' అని అచ్చు. కార్డు చేతిలో పట్టుకుని నవ్వాను. చావు కార్డు చూసి నవ్వుతారేమిటని మా ఆవిడ కసిరింది. పోయిన మనిషి అంటే గౌరవం లేక కాదు. ఆయన ఫుట్‌బాలును పోషించడమేమిటి, ఫుట్‌బాలే పదిహేనేళ్ళ పాటు ఆయన్ని మేపింది. ఆయన ఆకలి, నిద్ర, కోపం, రక్తపోటు అన్నీ దాని చేతిలోనే ఉండేవి.

పేరెందుకు లెండి, ఊళ్ళో అందరికీ ఆయన లేఖరి గారు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా తాటాకు పందిరి కింద చెక్కపెట్టె ముందు పెట్టుకుని దస్తావేజులు రాసేవాడు. చెవి మీద కలం, భుజం మీద ఉత్తరీయం, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. నేను అప్పట్లో హైస్కూల్లో గుమాస్తాను, సాయంత్రాలు ఊరి జట్టుకి గోల్‌కీపర్ని. నా ఆట గురించి ఎక్కువ చెప్పుకోవలసిందేమీ లేదు. పొడుగ్గా ఉన్నానని గోల్లో నిలబెట్టారు, అంతే.

ఆయన మాత్రం జన్మలో ఒక్కసారే బంతి తన్నాడు. అందరం చూస్తుండగా పంచె ఎగ్గట్టి పరుగెత్తుకుంటూ వచ్చి తన్నాడు. చెప్పు వెళ్ళి గోల్లో పడింది, బంతి ఉన్నచోటే ఉంది. "గోలే కదా!" అని ఆయనే ముందు చప్పట్లు కొట్టుకున్నాడు. ఆ తరవాత ఆటగాడిగా రిటైరై అభిమానిగా స్థిరపడ్డాడు.

మా వైపు ఫుట్‌బాలు సీజను దసరా సెలవులతో మొదలై క్రిస్మసు ముందు ముగిసేది. మధిర, కోదాడ, తిరువూరు జట్లతో కూడా ఆడేవాళ్ళం గానీ అవన్నీ పలహారాల కింద లెక్క. భోజనమంటే నందిగామతో ఆట. వినాయకుణ్ణి నీళ్ళలో వదిలి ఇంటికొచ్చిన రోజు నుంచే లేఖరి గారికి బెంగ పట్టుకునేది. నేను సైకిలు మీద పందిరి ముందు నుంచి వెళ్తుంటే ఆపేవాడు.

"ఏమోయ్ కీపరూ, గ్రౌండులో నీళ్ళింకా ఇంకలేదంటగా?"

"ఇంకా నెల ఉందిగా అండీ."

"నెల ఉందనకు. నెలే ఉందను. నందిగామ వాళ్ళు గుంటూరు నుంచి ఎవణ్ణో దింపారంట, విన్నావా? ఆరడుగులంట."

"అతను వాళ్ళ బ్యాంకులో కొత్త క్యాషియరండీ. ఆట రాదు."

"రాదని నీకు చెప్పాడా? వచ్చినవాడెవడైనా వచ్చని చెప్తాడా?"

ఎదురుగా పొలం అమ్ముకోవడానికి వచ్చిన రైతు నోరు తెరుచుకుని చూస్తుండేవాడు. ఈ ధ్యాసలోనే ఒకసారి పెనుగంచిప్రోలు రైతు అమ్మకపు పత్రంలో పొలం హద్దులు రాస్తూ 'తూర్పు: గోలు' అని రాసేశాడు. రిజిస్ట్రారు గారు పైకి చదివారు. రైతు లబోదిబోమన్నాడు. "మా పొలంలో గోలేంటండీ, తూర్పున మా బావమరిది గారి మిరప తోట అండీ!" కాగితం మళ్ళీ రాయవలసి వచ్చింది. లేఖరి గారు సిగ్గుపడలేదు. సీజను ముందు దస్తావేజులు రాయించుకోవద్దని లోకానికి తెలియాలి కదా అన్నాడు.

ఆయనకు ఇంకో సిద్ధాంతం ఉండేది. పెళ్ళయితే కీపరు చేతులు బరువెక్కుతాయట. నా పెళ్ళి ముహూర్తం సరిగ్గా నందిగామ ఆట వారంలో పడింది. నాకు చెప్పకుండా పెనుగంచిప్రోలు వెళ్ళి మా మామగారిని కలిశాడు. "మీ అల్లుడు మంచివాడండీ. మాఘమాసంలో చేశారంటే ఇంకా మంచివాడవుతాడండీ" అన్నాడట. మామగారు హడలిపోయి నా గురించి నాలుగిళ్ళల్లో వాకబు చేయించారు. చివరికి పెళ్ళి మాఘంలోనే అయింది. ఆ ఏడు నందిగామ వాళ్ళు నా మీద మూడు గోల్స్ వేశారు. పెళ్ళి కాకపోయినా నా చేతులు బరువేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఏటా మొదటి ప్రాక్టీసు ముందు రోజు లేఖరి గారింట్లో జట్టు భోజనం. వడ్డన ముందు ఆయన జట్టు పత్రం చదివేవాడు. స్టాంపు కాగితం కాదు గానీ తీరంతా దస్తావేజుదే. ఒక్కో ఆటగాడికీ నాలుగు హద్దులు రాసేవాడు. నాకు పడమర 'తుమ్మచెట్లు, ఆపైన భగవంతుడు' అని ఉండేది. అంటే నన్ను దాటిన బంతికి ఇక దిక్కు వాళ్ళేనన్నమాట. మైదానం ఎడమ అంచున ఆడే ఎడమ వింగుది నాకిప్పటికీ నోటికి వచ్చు. 'దావీదు. తూర్పు: నందిగామ వారి గోలు. పడమర: మన గోలు. ఉత్తరం: తెల్లగీత. దక్షిణం: సుబ్బారావు. ఈ నాలుగు హద్దుల మధ్య గల భూమి యావత్తూ సదరు దావీదు స్వాధీనానుభవంలో ఉండవలెను.'

ఈ దావీదు ఊరి బయటి పల్లె నుంచి వచ్చినవాడు, కిరస్తానీ. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి మిరపకోతలకు వెళ్ళి చదివించింది. ట్రెయినింగు పాసై మిషను బడిలో మేష్టరయ్యాడు. ఉత్త కాళ్ళతో ఆడేవాడు. అతని ఎడమ కాలికి బంతి తగిలితే అది ఎటు పోతుందో అతనికొక్కడికే తెలుసు. మా జట్టు మొత్తం ఆ కాలి మీద నడిచేది. లేఖరి గారు గీత పక్కన నిలబడి ఊరందరి ముందూ అరిచేవాడు. "వాడి ఎడమ కాలు కళ్ళకద్దుకోవాలయ్యా!"

జట్టు భోజనానికి పది ఆకులు నడవాలో వేసేవారు. పదకొండోది వీధి అరుగు చివర, గోడ పక్కన. "వాడికక్కడ గాలి బాగా వస్తుంది" అనేవాడు లేఖరి గారు. గాలి నిజంగానే బాగా వచ్చేది. దావీదు ఒక చేత్తో ఆకు పట్టుకుని ఇంకో చేత్తో తినేవాడు.

రెండేళ్ళు అలాగే తిన్నాడు. మూడో ఏడు పత్రం చదవడం అయింది, అందరం ఆకుల ముందు కూర్చుని తింటున్నాం. దావీదు గుమ్మం బయట నిలబడి ఆ కాగితం ఒకసారి ఇమ్మన్నాడు.

"లేఖరి గారండీ, చిన్న సందేహమండీ."

"అడగరా."

"ఇందులో నాకు దక్షిణం హద్దు సుబ్బారావు గారని రాశారండీ. ఇక్కడ చూస్తే నాకు దక్షిణం గోడ వచ్చిందండీ. ఏది ఖాయమండీ, రాసిందా, వేసిందా?"

నడవాలో సుబ్బారావు ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు. లేఖరి గారు గుమ్మం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "అది గ్రౌండురా, ఇది ఇల్లు" అన్నాడు, చిన్నపిల్లాడికి పాఠం చెప్తున్నట్టు. "అలాగేనండీ" అన్నాడు దావీదు. కూర్చుని ఏదీ వదలకుండా తిన్నాడు, తన ఆకు తనే తీసుకున్నాడు, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేనప్పుడు రెండో బూరె మీద ఉన్నాను.

ఆ సీజనంతా దావీదు మాకే ఆడాడు, నందిగామ మీద గెలిపించాడు కూడా. వేసవి సెలవుల్లో మాత్రం నందిగామలో ఒక బడికి మారి, తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు. వినాయక చవితి వచ్చేసరికి, దసరాకు అతను నందిగామ తరఫున ఆడతాడన్న వార్త పందిరి దాకా వచ్చింది. లేఖరి గారు రెండు రోజులు కలం ముట్టలేదు. మూడో రోజు నా ఆఫీసుకొచ్చి, "పద, నందిగామ వెళ్ళొద్దాం. కీపరు లేకుండా రాయబారం ఏం బాగుంటుంది?" అన్నాడు.

ఇల్లు చిన్న పెంకుటిల్లు. వాకిట్లో మా కోసం బడి నుంచి తెచ్చిన రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు. లేఖరి గారు కూర్చుంటూనే మొదలుపెట్టాడు. అంతకు ముందు 'ఏరా దావీదూ' అనేవాడు కాస్తా 'ఏమయ్యా దావీదూ' అన్నాడు. పుట్టిన ఊరు, మట్టి, నీళ్ళు, ఆ ఎడమ కాలు ఎవరి గ్రౌండులో పెరిగిందో, అన్నీ ఏకరువు పెట్టాడు. దావీదు ఓపిగ్గా విన్నాడు.

"ఆడతానండీ. ఆదివారాలు బస్సెక్కి వచ్చి ఆడతాను. మా అమ్మ కాఫీ పెట్టిందండీ. తాగండి, వస్తాను."

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

తల్లి రెండు గ్లాసులు తెచ్చి స్టూలు మీద పెట్టింది. కొత్త గాజు గ్లాసులు, అంటించిన కాగితం ముక్క ఒకదానికి ఇంకా ఊడలేదు. మా కోసమే కొన్నట్టున్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వారన నిలబడింది. లేఖరి గారు గ్లాసు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, నా వంక చూశాడు. ఎన్నో పెద్ద పెద్ద షరతులు రాసిన చెయ్యి అది. ఆ చిన్న షరతు దగ్గర ఆగిపోయింది.

"ఇవాళ ఏకాదశి కదయ్యా దావీదూ" అన్నాడు.

పొద్దున బస్టాండు హోటల్లో ఆయన రెండు పెసరట్లు తినడం నేను చూశాను. దావీదు నవ్వలేదు. "అయితే ఇంకో రోజు రండి" అన్నాడు. ఆ ఏడు నందిగామ ఆటలో దావీదు కొట్టిన బంతి నా చెవి పక్క నుంచి వెళ్ళిపోయింది. నేను చూసింది తుమ్మచెట్లనే. లేఖరి గారు అలవాటు కొద్దీ గీత పక్కన ఎగిరి గంతేసి, "అదీ దెబ్బంటే!" అని అరిచాడు. మా ఊరివాళ్ళంతా తిరిగి చూశారు. పాపం, ఆయన ఆనందానికి ఊరి తేడా తెలియలేదు. ఆయన చేతికి తెలిసిన తేడాలు మాత్రం వేరే ఉన్నాయి.

అప్పటి నుంచి ఏటా సీజను ముందు మా నందిగామ యాత్ర మొదలైంది. మిగతా బెంగలన్నీ వెనక్కి పోయాయి. గ్రౌండులో నీళ్ళున్నా పట్టించుకునేవాడు కాదు, నందిగామ వాళ్ళు ఏనుగును దింపినా పట్టించుకునేవాడు కాదు. ఆయన ఆశ, దిగులు రెండూ ఒక గ్లాసు కాఫీ దగ్గర చేరాయి. బస్సెక్కినప్పుడు ధైర్యంగా ఉండేవాడు. "ఈసారి కళ్ళు మూసుకుని తాగేస్తానయ్యా. ఏముంది, గుక్కే కదా!" చిల్లకల్లు దాటేసరికి మాట తగ్గేది. నందిగామలో దిగేసరికి చెమటలు పట్టేవి.

రెండో ఏడు పంటి నొప్పి వచ్చింది. వేడి తగలకూడదన్నాడట డాక్టరు. "చల్లారాకే తాగండయ్యగారూ, మాకేం తొందర లేదు" అంది దావీదు తల్లి. ముగ్గురం కూర్చుని కాఫీ చల్లారడం చూశాం. మీగడ కట్టింది. ఒక ఈగ వచ్చి వాలబోతే దావీదు తోలాడు. ఇంక చల్లారడానికి ఏమీ మిగలలేదనగా లేఖరి గారు బస్సు పోతుందని లేచి, ఆ వయసులో ఎవరూ పరుగెత్తని పరుగు పరుగెత్తాడు.

మూడో ఏడు బస్సులో ఆయన హుషారు చూసి నేను ఆశ్చర్యపోయాను. "ప్రాక్టీసు చేశానోయ్. మన మిషను దొరగారింటికి వెళ్ళి టీ తాగొచ్చా. బిస్కెట్టు కూడా తిన్నా. ఏమీ కాలా."

"దొరగారూ కిరస్తానీయే కదండీ."

"ఆయన సంగతి వేరయ్యా" అన్నాడు, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ.

ఆ ఏడు గ్లాసు నిజంగానే ఎత్తాడు. కానీ అంచు పెదవికి తగలకుండా పైనుంచి పోసుకుందామని చూశాడు. వేడి కాఫీ గడ్డం మీదుగా జారి ఉత్తరీయం నిండా అయింది. అదిరిపడి లేచి నిలబడ్డాడు. దావీదు లోపలి నుంచి తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. "బట్ట తాగింది లెక్కలోకి రాదండీ మరి" అన్నాడు. తలుపు వారన తల్లి నవ్వాపుకోవడం నాకు వినిపించింది. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో లేఖరి గారు కాఫీ వాసన కొడుతూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన వెక్కిళ్ళు పెట్టాడా, ఉక్రోషంతో ముక్కు ఎగబీల్చాడా అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

నాలుగో ఏడూ బస్సెక్కాం. మా జట్టుకు అప్పటికి మూడేళ్ళుగా గెలుపు లేదు. సుబ్బారావు ఆట మానేసి చొక్కా గుడ్డల కొట్టు పెట్టాడు. కుర్రాళ్ళు క్రికెట్ వైపు చూస్తున్నారు. ఈ సీజనూ పోతే జట్టే ఉండదని అందరికీ తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఆ రోజు దావీదు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేవలేదు, కూర్చునే దణ్ణం పెట్టాడు. మేష్టరు ముదిరాడు, గర్వం వచ్చిందనుకున్నాం. లేఖరి గారు అది కూడా దిగమింగి, "బాగున్నావా మేష్టారూ?" అన్నాడు. 'ఏరా' నుంచి 'మేష్టారూ' దాకా రావడానికి ఆయనకు నాలుగు సీజన్లు పట్టింది. తల్లి ఎప్పటిలాగే రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది.

ఆయన ఈసారి ఆకాశం వైపు చూడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంచు పెదవికి ఆనించి, ఆగకుండా, అడుగున చక్కెర కనిపించేదాకా తాగాడు. గొంతు కదలడం తప్ప ఇంకేమీ కదల్లేదు. గ్లాసు స్టూలు మీద పెట్టి, మీసం తుడుచుకుని, కళ్ళు తెరిచి మమ్మల్ని చూశాడు. తాను ఇంకా అక్కడే ఉన్నందుకు ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. తలుపు వారన ఉండే దావీదు తల్లి మొదటిసారి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అయిపోయింది. ఎల్లుండే ప్రాక్టీసు. పొద్దున బస్సుకి వచ్చెయ్ మేష్టారూ!"

దావీదు పంచె కొంచెం పైకి తీసి ఎడమ మోకాలు చూపించాడు. వాచి, కట్టు కట్టి ఉంది.

"నిరుడు ఆఖరి ఆటలో పోయిందండీ. లేచి నిలబడాలన్నా పట్టుకోవాలి. ఇంక బంతి ముట్టొద్దన్నారండీ డాక్టరు గారు."

లేఖరి గారు ఆ మోకాలు చూశాడు, ఖాళీ గ్లాసు చూశాడు. ఆయన మొహం జేవురించింది.

"ముందే చెప్పొద్దటయ్యా! తాగాక చెప్తావా!"

దావీదు పంచె సర్దుకున్నాడు. "మీరు తాగుతారనుకోలేదండీ" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అనుకోలేదు. తల్లి వచ్చి గ్లాసులు రెండూ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ 'తాగాక చెప్తావా' నేను జగ్గయ్యపేటలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆయన గొంతు, ఆయన మూసుకున్న కళ్ళు, ఆ మీసం తుడుచుకోవడం, అన్నీ అభినయించి చూపించేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన బతికి ఉండగా ఆయన ముందే ఒకసారి చేసి చూపించాను. ఆయనా నవ్వాడు. జట్టు ఆ కాఫీ తాగిన ఏడే ఆగిపోయింది, ఆయన మళ్ళీ గ్రౌండు వైపు రాలేదు.

అయితే ఆ రోజు బస్సులో జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చిల్లకల్లు వచ్చేదాకా ఆయన నా మొహం చూడలేదు. చిల్లకల్లు దగ్గర హఠాత్తుగా ఇటు తిరిగాడు. కోపం పోయింది, మొహం తేటగా ఉంది.

"కాఫీ బాగుందయ్యా కీపరూ. మా ఇంట్లో కంటే బాగుంది. నాలుగేళ్ళు ఊరికే పోగొట్టుకున్నా. నీకెలా ఉంది?"

"బాగుందండీ" అన్నాను.

నేను తాగలేదు. నాలుగేళ్ళూ ఆ వాకిట్లో రెండు గ్లాసులు పెట్టారు, నాలుగేళ్ళూ నాది నిండుగానే లోపలికి వెళ్ళింది. పెద్దాయన తాగనప్పుడు నేనెలా తాగుతానని ఆయన చాటున దాక్కున్నాను. ఆయన తాగిన రోజు ఆయన్ని చూడడంలో మునిగిపోయినట్టు కూర్చున్నాను. దావీదు తల్లి ఆ గ్లాసు తీసుకుంటూ నా వంక ఒకసారి చూసింది. ఆయన ఫుట్‌బాలు కోసమైనా తాగాడు. నేను దాని కోసం కూడా తాగలేదు.